కణాలు ఆగిపోతే సంబరపడాలా, అనుమానించాలా?

ప్రశ్న: నేను ఇమ్యునాలజీలో పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. ఎలుక లింఫ్ గ్రంథిలో టి కణాలు అనే రోగనిరోధక కణాలు, వాటికి యాంటిజెన్‌ను (శరీరం గుర్తుపట్టే పరాయి పదార్థపు ముక్కను) చూపించే డెండ్రిటిక్ కణాలు ఎలా కలుసుకుంటాయి, ఎంతసేపు అతుక్కుని ఉంటాయి అన్నది నా అంశం. మొదటి ఏడాదంతా ఫ్లో సైటోమెట్రీతో (కణాలను విడదీసి ఒక్కొక్కటిగా లెక్కపెట్టే పద్ధతి), కోసి రంగు వేసిన సెక్షన్లతో గడిచిపోయింది. ఇప్పుడు మా గైడ్‌గారు మత్తులో ఉన్న ఎలుక మోకాలి వెనక గ్రంథిని తెరిచి, బతికున్న కణజాలం లోపలికి చూడగల టూ-ఫోటాన్ మైక్రోస్కోప్ కింద వీడియోలు తీయమన్నారు. తీశాను. మొదటి అరగంట కణాలు చకచకా తిరిగాయి. తర్వాత ఒక్కొక్కటే నెమ్మదించి దాదాపు అన్నీ నిలిచిపోయాయి. "యాంటిజెన్‌ను గుర్తుపట్టాయి, అందుకే ఆగాయి, ఇదే మన పేపర్" అని ఆయన సంతోషంగా ఉన్నారు. నాకేమో ఎక్కడో తేడా కొడుతోంది. ఆయనకు ఎలా చెప్పను? అసలు ఈ పద్ధతి మీద ఇంకో రెండేళ్లు పెట్టొచ్చా? ఒక సీనియర్ ఎలుకను వదిలి జీబ్రాఫిష్ అనే చిన్న చేపకు మారిపొమ్మంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. - ఒక పరిశోధక విద్యార్థిని

సమాధానం: మీ అనుమానం సరైనదే అనిపిస్తోంది. మీ ఉత్తరంలో "దాదాపు అన్నీ" అన్న మాటే నన్ను పట్టేసింది. యాంటిజెన్‌ను గుర్తుపట్టిన కణాలు ఇలా మూకుమ్మడిగా ఆగవు. కొన్ని ఆగుతాయి, వాటి పక్కనుంచే ఇంకొన్ని ఏమీ పట్టనట్టు వెళ్లిపోతుంటాయి. కళ్లముందున్న కణాలన్నీ ఒకే అరగంటలో నిలిచిపోయాయంటే ముందు పరీక్షించాల్సింది మీ టేబుల్ మీది ఏర్పాటును. సిద్ధాంతం సంగతి తర్వాత.

చిక్కేమిటంటే, ఆగడం అనేది నిజంగానే పెద్ద సంకేతం. టి కణానికి తాను వెతుకుతున్న యాంటిజెన్ దొరికితే దాని లోపల కాల్షియం పెరుగుతుంది, ఆ కాల్షియమే నడకకు బ్రేకు వేస్తుంది. మీ గైడ్‌గారు గాలిలోంచి తీసి చెప్పలేదు. కాకపోతే చలి తగిలినా, ఆక్సిజన్ అందకపోయినా, లేజర్ దెబ్బ తగిలినా కణం అలాగే ఆగుతుంది. వీడియోలో ఇవన్నీ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఈ రంగంలో ఎవరైనా "కణాలు కదిలాయి" అంటే నేను త్వరగానే ఒప్పుకుంటాను. "ఆగాయి" అంటే మాత్రం కంట్రోళ్లు, అంటే పోలిక కోసం చేసిన ప్రయోగాలు, చూపించమంటాను.

మొదట చేయాల్సిన పరీక్షకు కొత్త పరికరమేమీ అక్కర్లేదు. మీ ప్రయోగంలో రెండు గడియారాలు నడుస్తున్నాయి. ఒకటి టి కణాలు ఎలుకలోకి ఎక్కించినప్పుడు మొదలైంది. రెండోది మత్తిచ్చి గ్రంథి తెరిచినప్పుడు మొదలైంది. మీ కణాలు ఏ గడియారం ప్రకారం ఆగుతున్నాయో తేల్చండి. 2004లో మెంపెల్, హెన్రిక్సన్, ఫాన్ ఆండ్రియన్ 'నేచర్' పత్రికలో చూపించిన క్రమం మీకు తెలిసే ఉంటుంది. గ్రంథిలోకి వచ్చిన తొలి ఎనిమిది గంటల్లో టి కణాలు డెండ్రిటిక్ కణాలను కొన్ని నిమిషాలు తాకి వదిలేస్తాయి. తర్వాతి పన్నెండు గంటల్లో గట్టిగా అతుక్కుంటాయి. రెండో రోజుకి మళ్లీ విడిపోయి, వేగంగా తిరుగుతూ విభజన మొదలుపెడతాయి. యాంటిజెన్ మోతాదు ఎక్కువైతే మొదటి దశ కుంచించుకుపోతుంది కాబట్టి మీ గంటలు అచ్చం ఇలాగే ఉండాలని లేదు. కానీ లెక్క గంటల్లోనే ఉంటుంది.

ఇప్పుడు ఒక ఎలుకలో కణాలు ఎక్కించిన 4 గంటలకు, ఇంకో ఎలుకలో 14 గంటలకు వీడియో మొదలుపెట్టండి. మీ గైడ్‌గారు చెప్పిందే నిజమైతే రెండో ఎలుకలో మొదటి నిమిషం నుంచే ఆగి ఉన్న కణాలు కనిపించాలి. మొదటి ఎలుకలో మీరు లెన్స్ తీసేదాకా చాలావరకు తిరుగుతూనే ఉండాలి. అలా కాకుండా రెండింట్లోనూ అరగంటకే అంతా నిలిచిపోతే, కారణం యాంటిజెన్ కాదు, మీ ఏర్పాటే. ఈ ఒక్క పోలిక చాలు, ఎవరితోనూ వాదించక్కర్లేదు.

దానికి తోడు ప్రతి ఎలుకలోనూ రెండో రంగు టి కణాలు ఉండాలి. మీ యాంటిజెన్‌తో సంబంధం లేని కణాలు, వేరే రంగులో, అదే గ్రంథిలో, అదే వీడియోలో. వాటికి ఆగాల్సిన పనే లేదు. అవీ ఆగితే కథ అక్కడితో ముగిసింది. అవి తిరుగుతూ మీ కణాలు మాత్రమే ఆగితే, మీ గైడ్‌గారి సంతోషంలో నేనూ పాలుపంచుకుంటాను. ఈ రెండో రంగు లేకుండా తీసిన వీడియోను నేనైతే ప్రాక్టీసు కిందే లెక్కేస్తాను.

తప్పు ఏర్పాటులోనే ఉందనుకుందాం. ఎక్కడ వెతకాలి? నా అనుభవంలో నూటికి తొంభై సార్లు వేడి దగ్గరే దొరుకుతుంది. మత్తులో ఉన్న ఎలుక తన వేడిని నిలుపుకోలేదు, అందుకని కింద హీటింగ్ ప్యాడ్ పెడతాం. మలద్వారం దగ్గర థర్మామీటర్ 37 చూపిస్తుంది, మనం నిశ్చింతగా ఉంటాం. కానీ గ్రంథి చర్మం బయట ఉంది. దాని మీద కవర్‌గ్లాస్, ఆపైన నీటి బొట్టు, ఆ నీటిలో మునిగి మైక్రోస్కోప్ లెన్స్. ఆ లెన్స్ అంటే గది వేడిలో ఉన్న బరువైన లోహపు ముద్ద. నీటి బొట్టు గుండా గ్రంథిలోని వేడిని అదే పనిగా లాగేస్తుంటుంది. టి కణాల నడక వేడిని బట్టి ఎంత మారుతుందంటే, కొన్ని డిగ్రీలు తగ్గితే చాలు, వేగం పడిపోతుంది. లెన్స్‌కు హీటర్ పట్టీ చుట్టండి. సన్నటి థర్మోకపుల్ తీగను గ్రంథికి ఆనించి అక్కడి వేడి చూడండి, వీడియో సాగినంతసేపూ రాసుకోండి. ఆగిపోయిన కణాలు వేడి పెంచగానే మళ్లీ నడిస్తే మీకు జవాబు దొరికినట్టే. అన్నట్టు, అతిగా వేడి చేయడం కూడా ప్రమాదమే. 36, 37 మధ్య ఉంచండి.

తర్వాత రక్తం. మోకాలి వెనక గ్రంథి చిన్నది, దానికి వెళ్లే నాళాలు ఇంకా సన్నం. స్పష్టంగా కనిపించాలని కాస్త లాగి బిగిస్తే నాళం మడతపడుతుంది. గ్రంథి చూడటానికి బాగానే ఉంటుంది, లోపల మాత్రం ఆక్సిజన్ అందదు. వీడియోకు ముందూ, అయిపోయాకా తోక నరంలోకి రంగు తగిలించిన డెక్స్‌ట్రాన్ (పెద్ద చక్కెర అణువు) ఎక్కించి చూడండి. ప్లాస్మా వెలుగుతుంది, ఎర్ర రక్తకణాలు ఆ రంగు పీల్చవు కాబట్టి నల్లటి గీతల్లా దూసుకుపోతుంటాయి. ఆ గీతలు పరుగెత్తుతున్నాయంటే రక్తం నడుస్తోంది. గీతలు చుక్కలైపోయి అక్కడక్కడే ఊగుతుంటే ఆ రోజు డేటా పక్కన పెట్టేయాల్సిందే. నాళం గోడ దాటి రంగు చుట్టూ కారిపోతుంటే గ్రంథికి గాయమైందని అర్థం. మత్తు మరీ లోతుగా ఉన్నా రక్తపోటు పడిపోయి ఇదే జరుగుతుంది. ఈ విషయంలో మీ జంతుశాల వెటర్నరీ డాక్టర్‌ను పక్కన కూర్చోబెట్టుకోవడం మంచిది. ఇమేజింగ్ చేసేవాళ్లు వాళ్లని సంతకాలకు తప్ప పిలవరు, అదేం అలవాటో నాకు అర్థం కాదు.

మూడోది లేజర్. దీనికి సులువైన పరీక్ష ఒకటుంది. మొదట్లో గ్రంథిలో రెండు చోట్లు ఎంచుకోండి. ఒకచోట అరగంటపాటు ఏకధాటిగా తీయండి. రెండోచోట మొదట రెండు నిమిషాలు, చివర రెండు నిమిషాలు మాత్రమే తీయండి. చివర్లో మొదటి చోట కణాలు ఆగిపోయి, రెండో చోట తిరుగుతుంటే దోషం లేజర్‌దే. రెండు చోట్లా ఆగిపోతే వేడి, రక్తం వైపు చూడండి. కాలిన చోట కణాలు గుండ్రంగా అయి అంచుల్లో బుడగలు వస్తాయి, ముందు లేని మెరిసే మచ్చలు కనిపిస్తాయి. గాయం దగ్గరికి ముందుగా చేరే తెల్ల రక్తకణాలైన న్యూట్రోఫిల్స్‌కు కూడా రంగు ఉంటే అవే మీకు కబురు చెబుతాయి, కాలిన చుక్క చుట్టూ గుంపుగా మూగుతాయి. ఈ మూగడాన్ని పరిశోధించడానికి కొన్ని ల్యాబుల్లో లేజర్‌తో కావాలనే చిన్న గాయం చేస్తారు. 2013లో లామెర్‌మాన్ బృందం ఎలుక చర్మంలో అలాగే చేసి, గుంపును పిలిచే సంకేతాల్లో ల్యూకోట్రైన్ బి4 అనే రసాయనం ముఖ్యమైనదని చూపింది. మీకు మాత్రం అది అక్కర్లేని అతిథి.

ఇక గైడ్‌గారికి చెప్పడం. "సార్, ఇది తప్పు" అని మొదలుపెట్టకండి. "సార్, రివ్యూయర్లు ముందు అడిగేది కంట్రోల్ కణాల గురించే, ఆ వీడియోలు కూడా చేతిలో ఉంటే బాగుంటుంది" అనండి. అది అబద్ధం కాదు, తప్పక అడుగుతారు. 4 గంటలు, 14 గంటల పోలికను కాగితం మీద గీసి తీసుకెళ్లండి. ఆయన మాటే నిజమైతే ఏ గ్రాఫ్ వస్తుంది, కాకపోతే ఏది వస్తుంది అని రెండూ పక్కపక్కన గీయండి. పదిమందిని చూసిన గైడ్ ఎవరైనా ఆ కాగితానికి అడ్డు చెప్పరు. చెబితే అప్పుడు మళ్లీ రాయండి, అది వేరే రకం సమస్య.

రెండేళ్లు పెట్టొచ్చా అన్నారు. మీ ప్రశ్నను బట్టి ఉంటుంది. మీ ప్రశ్నలో "ఎంతసేపు", "ఏది ముందు, ఏది తర్వాత" అన్న మాటలు ఉన్నాయి కాబట్టి పెట్టొచ్చు. "ఎన్ని", "ఏ రకం" అన్న ప్రశ్నలకు ఫ్లో సైటోమెట్రీయే మేలు. "గ్రంథి మొత్తంలో ఎక్కడెక్కడ" అన్నదానికి సెక్షన్లే నయం. టూ-ఫోటాన్ చూపించేది అర మిల్లీమీటరు వెడల్పు కూడా మించని చిన్న కిటికీని, అదీ లింఫ్ గ్రంథిలో పైనుంచి 200, 300 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోతు దాకానే. అంతకన్నా లోపల ఏం జరిగినా మీకు తెలియదు.

అయినా ఆ చిన్న కిటికీ నుంచే కొన్ని పాత నమ్మకాలు తలకిందులయ్యాయి. చూడాలన్న ఆలోచన కొత్తది కాదు. యూలియస్ కోన్‌హైమ్ 1867 నాటికే కప్ప పేగుల మీది పలుచటి పొరను మైక్రోస్కోప్ కింద పరిచి, తెల్ల రక్తకణాలు నాళం గోడ దాటి బయటికి రావడం వర్ణించాడు. పొర పలుచగా ఉంది కాబట్టి అది కుదిరింది. దళసరి అవయవంలోకి మామూలు వెలుతురు పోదు, చెదిరిపోతుంది. ఒకే అణువు రెండు ఫోటాన్లను ఒకేసారి పీల్చుకోగలదని మారియా గోపెర్ట్-మేయర్ 1931లో సిద్ధాంతంగా చెప్పింది. డెంక్, స్ట్రిక్లర్, వెబ్ 1990లో దాన్ని మైక్రోస్కోప్‌గా మార్చారు. పరారుణ కాంతి కణజాలంలో తక్కువ చెదురుతుంది. పైగా రెండు ఫోటాన్లు కలిసి తగిలేంత తీవ్రత లెన్స్ ఫోకస్ చుక్క దగ్గరే ఉంటుంది, అక్కడే రంగు వెలుగుతుంది.

2002లో 'సైన్స్' పత్రికలో మూడు బృందాలు దాదాపు ఒకేసారి బతికున్న గ్రంథుల లోపలి దృశ్యాలు ప్రచురించాయి. కాలిఫోర్నియాలోని ఇర్విన్‌కు చెందిన మిల్లర్, పార్కర్, కహలాన్‌ల బృందం లింఫ్ గ్రంథిలో టి కణాలు నిమిషానికి సుమారు 10 మైక్రాన్ల వేగంతో, దిక్కు తెన్నూ లేనట్టు తిరగడం చూపించింది. ఆ తిరుగుడు పూర్తిగా గాలివాటం కాదని, గ్రంథికి చట్రంలా ఉండే ఫైబ్రోబ్లాస్టిక్ రెటిక్యులర్ కణాలు అల్లిన వలను పట్టుకుని నడుస్తాయని 2006లో తేలింది. మెదడులోని మైక్రోగ్లియా అనే రోగనిరోధక కణాలను అంతదాకా "విశ్రాంతిలో ఉన్న కణాలు" అనేవారు. 2005లో ఎలుక పుర్రెను పలుచగా అరగదీసి చూస్తే, అవి క్షణం ఖాళీ లేకుండా కొమ్మలు చాస్తూ చుట్టుపక్కల తడుముతూ కనిపించాయి. పుర్రె ఎముకను పూర్తిగా తీసేసి కిటికీ పెడితే అదే మైక్రోగ్లియా రెచ్చిపోతుందని తర్వాతి పరిశీలనల్లో తెలిసింది. అంటే కిటికీ పెట్టడమే కణాల తీరును మార్చగలదు. మీ గ్రంథి విషయంలోనూ ఇది మనసులో పెట్టుకోండి.

జీబ్రాఫిష్ గురించి మీ సీనియర్ చెప్పింది వేరే ప్రశ్నకు మంచి సలహా. ఆ పిల్ల చేపలు గాజులా ఉంటాయి, ఆపరేషన్ అక్కర్లేదు, న్యూట్రోఫిల్స్, సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్‌లు గాయం దగ్గరికి వచ్చి వెళ్లడం గంటల తరబడి చూడొచ్చు. గాయం దగ్గర పని ముగించిన న్యూట్రోఫిల్స్ అక్కడే చనిపోకుండా వెనక్కి వెళ్లిపోవడాన్ని 2006లో అందులోనే చూశారు. కానీ మీకు కావాల్సింది టి కణాలు, అవి యాంటిజెన్‌ను గుర్తించే తీరు. ఆ చేపలో ఆ వ్యవస్థ పూర్తిగా సిద్ధమవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అప్పటికి మామూలు చేప ఒంటి నిండా రంగు వచ్చేస్తుంది. పైగా ఎలుకకున్నట్టు లింఫ్ గ్రంథులు చేపకు లేవు. మారకండి.

మధ్యేమార్గం ఒకటుంది, దాన్ని మీకు గట్టిగా చెబుతాను. గ్రంథిని బయటికి తీసి, 37 డిగ్రీల దగ్గర, ఆక్సిజన్ బుడగలు పట్టించిన ద్రావణం పారుతూ ఉండగా వీడియో తీయడం. 2002 నాటి ఆ తొలి దృశ్యాలు ఇలా బయటికి తీసిన గ్రంథుల్లోనివే. రక్తం రాదు, కొత్త కణాలు చేరవు. అయితే మత్తు సమస్య లేదు, ఊపిరి కదలిక లేదు, వేడి చేతిలో ఉంటుంది. ఒక ఎలుక నుంచి రెండు కాళ్ల గ్రంథులూ దొరుకుతాయి. బయటికి తీసిన గ్రంథిలో మీ కణాలు గంటన్నర, రెండు గంటలు హాయిగా తిరుగుతుంటే, రంగులు, లేజర్ శక్తి, కణాల ఆరోగ్యం అన్నీ బాగున్నట్టే. అప్పుడు బతికున్న ఎలుకలో మాత్రమే ఆగితే వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది.

వీడియో బాగా వచ్చాక లెక్కల దగ్గర ఇంకో గొయ్యి ఉంది. నిమిషానికి 10 మైక్రాన్లు నడిచే కణాన్ని నిమిషానికొక ఫ్రేమ్ చొప్పున తీస్తే, రెండు ఫ్రేమ్‌ల మధ్య అది తన ఒంటి పొడవుకన్నా ఎక్కువ దూరం పోతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని వదిలేసి పక్క కణాన్ని పట్టుకుంటుంది. ఇరవై, ముప్పై సెకన్లకొకసారి 40, 50 మైక్రాన్ల లోతు మొత్తం తీయగలిగితే చాలు. వేగంగా పోయే కణాలు త్వరగా ఫ్రేమ్ దాటిపోతాయి, నెమ్మది కణాలు చివరిదాకా ఉంటాయి. అందుకని పొడవైన ట్రాక్‌లే ఏరుకుంటే సగటు వేగం దానంతటదే తగ్గినట్టు కనిపిస్తుంది. మీ "నెమ్మదించడం"లో ఇది కూడా కొంత ఉందేమో చూడండి. ఊపిరికి, గుండెకు గ్రంథి కదులుతుంటే దాని పొర మీది కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులను గుర్తుగా పెట్టుకోండి. దానికి ఏ రంగూ వేయక్కర్లేదు. 900 నానోమీటర్ల లేజర్ పడితే 450 దగ్గర తానే నీలంగా మెరుస్తుంది. ఆ పోగులు ఎంత జరిగాయో అంత ప్రతి కణం స్థానంలోంచి తీసేయండి.

ఆగిన కణాల లెక్కకు చాలామంది వాడేది, నిమిషానికి 2 మైక్రాన్లకన్నా తక్కువ వేగంతో గడిపిన సమయం వాటా. ఏ కొలత వాడినా వీడియో చూశాక కాదు, ముందే రాసి పెట్టుకోండి. ఒక ఎలుకలో నాలుగువందల కణాలు కొలిచి గణాంకాల్లో నాలుగువందలు అని వేయడం మాత్రం వద్దు. అది ఒకే ఇంటివాళ్లను అడిగి ఊరంతటి సంగతి తేల్చేయడం లాంటిది. మీ సంఖ్య ఎలుకల సంఖ్యే.

రంగుల గురించి ఒక్క మాట. సీఎఫ్‌ఎస్‌ఈ లాంటి రంగు కణం విభజన చెందిన ప్రతిసారీ సగమవుతుంది. రెండో రోజు వీడియోలో మీకు కనిపించేవి ఎక్కువగా విభజన చెందని కణాలే అవుతాయి, వాటిని చూసి అన్నీ ఇలాగే ఉన్నాయనుకునే ప్రమాదం ఉంది. ఆ దశకు వెలిగే ప్రొటీన్ ఉన్న ఎలుకల కణాలు వాడండి. ఎక్కువ కణాలు ఎక్కిస్తే చూడటం తేలికే, కానీ ఒకే యాంటిజెన్ కోసం అన్ని కణాలు పోటీపడితే కలుసుకునే తీరే మారుతుంది. వీలైనంత తక్కువతో సర్దుకోండి.

ఈ కంట్రోళ్లకు, బయటికి తీసే గ్రంథులకు ఇంకొన్ని ఎలుకలు కావాలి. మీకున్న జంతు అనుమతిలో ఆ సంఖ్య, ఆ విధానం ఉన్నాయో లేవో ఈ వారమే చూసుకోండి. మత్తులోనే ప్రయోగం ముగిసి ఎలుక మళ్లీ మేల్కోకపోవడం, ఎంతసేపటి దాకా మత్తు అన్నవి కూడా అందులో రాసి ఉండాలి. సవరణ దరఖాస్తుకు ఎథిక్స్ కమిటీ టైమ్ తీసుకుంటుంది. అది వచ్చేలోగా లెన్స్ హీటర్, థర్మోకపుల్ బిగించి, ఎలుక లేకుండానే గోరువెచ్చటి అగరోజ్ (జెల్లీలాంటి పదార్థం) ముద్ద మీద రెండు గంటలు వేడి నిలుస్తోందో లేదో పరీక్షించుకోండి.